తల తిరుగుడుకు కదలికే మందు – ఒక వ్యాయామ పత్రం వెనుక కథ

ఈ ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి రాయమని కార్యదర్శిగారు అడిగారు. కోటల గురించి, రాజుల గురించి నాకంటె బాగా రాయగలవారు మన సంఘంలో ఉన్నారు. నా బల్ల సొరుగులో మాత్రం ఒక పాత జిరాక్సు కాగితం ఉంది. ఆ కాగితానికి పెద్ద చరిత్రే ఉందని ఈమధ్య తెలుసుకున్నాను. మన వయసువారికి పనికి వస్తుందన్న నమ్మకంతో అదే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఆ కాగితం నా చేతికి ఎలా వచ్చిందో రెండు మాటల్లో చెబుతాను. రెండేళ్ళ క్రితం స్కూటరు మీద నుంచి పడ్డాను. హెల్మెట్టు స్కూటరు కొక్కేనికి భద్రంగా వేలాడుతోంది, తలమీద మాత్రం లేదు. స్కానింగులో భయపడవలసిందేమీ లేదన్నారు. కుట్లు కూడా పది రోజుల్లో మానాయి. కాని అసలు బాధ ఆ తరువాత మొదలైంది. నడుస్తుంటే దుకాణాల బోర్డులు పడవలో నుంచి చూసినట్టు ఊగేవి. రైతుబజారు రద్దీలో నిలబడలేకపోయేవాణ్ణి. పేపరు నాలుగు వరుసలు చదివేసరికి అక్షరాలు రెండుగా కనపడేవి. చూపించుకున్న చోట "వయసు కదండీ, విశ్రాంతి తీసుకోండి" అని మాత్రలు రాసి పంపేవారు. ఆ మాట పట్టుకుని నాలుగు నెలలు దాదాపు మంచానికే అంటిపెట్టుకున్నాను. ఎంత విశ్రాంతి తీసుకుంటే అంతగా తూలేవాణ్ణి. ఆ నవంబరులో లైఫ్ సర్టిఫికెట్టు ఇవ్వడానికి మా అబ్బాయి భుజం పట్టుకుని బ్యాంకు మెట్లెక్కుతుంటే, బతికి ఉన్నానని సంతకం పెట్టడానికి నాకే మొహమాటం వేసింది.

చివరకు ఒక ఫిజియోథెరపిస్టు అమ్మాయి నా చేతిలో ఆ కాగితం పెట్టింది. మొదటి రోజు తల అటూ ఇటూ తిప్పగానే కళ్ళు తిరిగి ఆపేశాను. "బాబాయిగారూ, కాస్త తిరగాలనే కదా చేయిస్తున్నాం, ఆపకండి" అంది. కాగితం పైన "కాథార్న్ – కుక్సీ వ్యాయామాలు" అని ఉంది. తిరుపతి వేంకట కవుల్లాగా ఇదీ జంట పేరే అనుకున్నాను. నిజంగా ఇద్దరే. అయితే వారి దాకా రావడానికి వైద్యశాస్త్రానికి నూరేళ్ళ పైన పట్టింది.

చెవిలో రసమట్టం

చెవి ఉన్నది వినడానికేనని లోకమంతా నమ్మిన రోజుల్లో, 1820లలో, పారిస్‌లో ఫ్లోరెన్స్ అనే శాస్త్రజ్ఞుడు పావురాల మీద ప్రయోగాలు చేశాడు. లోపలి చెవిలో మూడు సన్నని వంపు గొట్టాలుంటాయి. మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో వాటిని అర్ధవృత్తాకార కుల్యలు అంటారు. ఆయన వాటిలో ఒక్కొక్కదాన్నే కోసి చూశాడు. పావురానికి వినికిడి పోలేదు. కాని ఏ కుల్యను కోస్తే ఆ కుల్య ఉన్న దిశలోనే దాని తల ఊగిపోయేది, నిలకడగా నడవలేకపోయేది.

ఆ ఫలితం అర్థం కావడానికి మరో యాభై ఏళ్ళు పట్టింది. ఈలోగా 1861లో పారిస్‌లోనే, బధిరుల విద్యాసంస్థలో వైద్యుడుగా ఉన్న ప్రోస్పర్ మేనియర్ ఒక సాహసమైన మాట అన్నాడు. అప్పటిదాకా ఉన్నట్టుండి కళ్ళు తిరిగి వాంతులతో పడిపోయినవాణ్ణి మెదడుకు రక్తం ఎక్కిన రోగిగా చూసేవారు, నెత్తురు తీసి నీరసపెట్టేవారు. ఆ రోగుల్లో కొందరికి చెవిలో హోరు, వినికిడి తగ్గడం కూడా ఉండడం గమనించి, జబ్బు మెదడులో కాదు, చెవిలోనే ఉందని మేనియర్ వాదించాడు. మరుసటి ఏడాదే ఆయన కన్నుమూశాడు. ఆ జబ్బుకు ఈనాటికీ ఆయన పేరే ఉంది.

1873–75 మధ్య ముగ్గురు పండితులు ఎవరికి వారే ఒకే నిర్ణయానికి వచ్చారు. ప్రాగ్‌లో ఎర్నెస్ట్ మాక్, వియన్నాలో జోసెఫ్ బ్రాయర్, ఎడిన్‌బరోలో క్రమ్ బ్రౌన్. విమానాల వేగం చెప్పేటప్పుడు వాడే మాక్ సంఖ్య ఈ మాక్ పేరు మీదే ఉంది. రైలు మలుపు తిరిగేటప్పుడు బయటి ఇళ్ళూ చెట్లూ ఒరిగినట్టు కనపడడం ఆయన్ను ఆలోచింపజేసింది. ఆ ముగ్గురూ చెప్పిన దాన్ని మన మాటల్లో చెప్పుకుంటే ఇంతే: కుల్యల్లో ఒక ద్రవం ఉంది. తల తిరిగినప్పుడు గొట్టం కదులుతుంది, ద్రవం కాస్త వెనకబడుతుంది. ఆ తేడాను నరాలు పసిగట్టి మెదడుకు కబురు పంపుతాయి. మేస్త్రీ గోడ మీద పెట్టి చూసే రసమట్టం లాంటిది, రెండు చెవుల్లోనూ ఒక్కొక్క జత ఉందన్నమాట. ఒక తేడా ఏమిటంటే ఈ రసమట్టం కదులుతున్న మనిషికి కూడా పనిచేస్తుంది.

యుద్ధఖైదీకి నోబెల్ బహుమతి

వియన్నాలో రాబర్ట్ బరానీ అనే యువ వైద్యుడు రోగుల చెవులు నీళ్ళతో కడిగేవాడు. కొందరు కళ్ళు తిరుగుతున్నాయనేవారు. వారి కళ్ళలోకి చూస్తే, కనుగుడ్లు ఒక పక్కకు మెల్లగా జరిగి చటుక్కున వెనక్కి వస్తున్నాయి. ఒక రోగి నీళ్ళు చల్లగా ఉన్నాయన్నాడు. మరోసారి వేడి నీళ్ళు పోస్తే కళ్ళు ఎదురు దిక్కుకు కొట్టుకున్నాయి. అక్కడ ఆయనకు వెలిగింది. వేడికీ చల్లదనానికీ చెవిలోని ద్రవం కదులుతోంది, ఆ కదలికను కళ్ళు బయటపెడుతున్నాయి. అంటే చెవి ఆరోగ్యాన్ని కళ్ళు చూసి చెప్పవచ్చు. ఈ నీళ్ళ పరీక్షను ఇప్పటికీ వాడుతున్నారు.

ఈ కృషికి 1914 సంవత్సరపు నోబెల్ బహుమతి ఆయనకు ప్రకటించేనాటికి ఆయన రష్యావారి చేతిలో యుద్ధఖైదీ. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రియా సైన్యంలో డాక్టరుగా చేరి, తుపాకి దెబ్బలకు మెదడు గాయపడిన సైనికులకు చికిత్స చేస్తూ పట్టుబడ్డాడు. మధ్య ఆసియాలోని మెర్వ్ శిబిరంలో ఉండగా బహుమతి వార్త వచ్చింది. స్వీడన్ రాకుమారుడు కార్ల్, రెడ్‌క్రాస్ కలిసి చేసిన ప్రయత్నం మీద 1916లో విడుదలై స్టాక్‌హోమ్ వెళ్ళి బహుమతి అందుకున్నాడు. చిన్నతనంలో వచ్చిన ఎముకల క్షయతో ఆయన మోకాలు శాశ్వతంగా బిగుసుకుపోయింది. అయినా టెన్నిస్ ఆడేవాడు, కొండలెక్కేవాడు. మనుషుల తూలుడు గురించి లోకానికి చెప్పినవాడు కాలు వంగనివాడు కావడం గమనించదగ్గ విషయం.

ఇన్ని తెలిసినా రోగికి ఒరిగింది తక్కువ. జబ్బు ఎక్కడుందో చెప్పగలిగారు గాని, ఏం చెయ్యాలంటే మళ్ళీ పాత మాటే: పడుకో, తల కదల్చకు.

బాంబుల మధ్య లండన్

రెండవ ప్రపంచ యుద్ధం తలగాయాల యుద్ధం కూడా. బాంబు దాడుల భయంతో ఇంగ్లండులో రాత్రిళ్ళు దీపాలు ఆర్పేసేవారు. ఆ చీకట్లో మోటారు సైకిళ్ళు ఢీకొనేవి. యుద్ధం మొదలైన 21 నెలల్లో అక్కడ 2,279 మంది మోటారు సైకిళ్ళ మీద ప్రయాణిస్తూ చనిపోయారని హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు 1941లో లెక్క చెప్పాడు. ఎక్కువ మందికి తల దెబ్బే మరణకారణం. ఈయన 1935లో, మోటారు సైకిలు ప్రమాదంలో గాయపడ్డ 'అరేబియా లారెన్స్'ను కాపాడడానికి పిలిపించిన డాక్టర్లలో ఒకడు. ఆరు రోజులు స్పృహ రాకుండానే లారెన్స్ పోయాడు. ఆనాటి నుంచి కెయిర్న్స్ హెల్మెట్టు గురించి పట్టుపట్టాడు. 1941లో బ్రిటిష్ సైన్యం తన మోటారు సైకిలు వార్తాహరులందరికీ దాన్ని తప్పనిసరి చేసింది.

చనిపోయినవారి సంగతి అది. బతికినవారి సంగతి? గాయం మానింది, ఎముక అతికింది, ఎక్స్‌రేలో ఏమీ లేదు. కాని మనిషి నిలబడలేడు, వంగలేడు, జనంలోకి వెళ్ళలేడు. పైకి కనపడని జబ్బు కాబట్టి, డ్యూటీ తప్పించుకోవడానికి నటిస్తున్నాడన్న అనుమానం ఒకటి. ఈ మాట చదువుతుంటే నాకు నా నాలుగు నెలలు గుర్తొచ్చాయి. ఇంట్లోవాళ్ళు ఏమీ అనలేదు, పాపం. కాని "స్కానింగు బాగానే ఉంది కదా" అని చూడవచ్చిన ప్రతివారూ అంటుంటే, నేనే ఏదో నాటకమాడుతున్నానేమోనని నాకే అనిపించేది.

లండన్‌లోని కింగ్స్ కాలేజ్ ఆస్పత్రిలో టెరెన్స్ కాథార్న్ చెవి, ముక్కు, గొంతు శస్త్రవైద్యుడు. మేనియర్ జబ్బు బాగా ముదిరినవారికి, పాడైన ఒక వైపు లోపలి చెవిని ఆపరేషనుతో పూర్తిగా నిర్జీవం చేసేవాడు. ఆపరేషను తరువాత కొన్నాళ్ళు రోగికి భయంకరంగా కళ్ళు తిరిగేవి. కాథార్న్ అక్కడొక విషయం గమనించాడు. బుద్ధిగా తలగడ మీద తల కదల్చకుండా పడుకున్నవారు ఆలస్యంగా కోలుకుంటున్నారు. లేచి, తూలుతూనే తిరిగినవారు త్వరగా కోలుకుంటున్నారు. తలగాయం రోగుల్లోనూ అదే వరస.

ఈ పరిశీలనను ఒక పద్ధతిలో పెట్టడానికి ఆయనకు తోడు దొరికినవాడు అదే ఆస్పత్రిలో భౌతిక చికిత్స విభాగపు వైద్యుడు ఎఫ్.ఎస్. కుక్సీ. తల వ్యాయామాల వెనుక ఉన్న శరీరధర్మాన్ని వివరిస్తూ కాథార్న్ 1944లో ఫిజియోథెరపిస్టుల పత్రికకు రాశాడు. చికిత్సా విధానం గురించి కుక్సీ పత్రం రాయల్ సొసైటీ ఆఫ్ మెడిసిన్ వారి ప్రచురణలో 1946లో వచ్చింది. నా సొరుగులోని కాగితం ఆ రచనల మునిమనవడు.

ఆ పద్ధతి ఇదీ. మొదట పక్కమీద ఉండగానే కళ్ళ కసరత్తు: తల కదలకుండా కళ్ళు పైకీ కిందికీ, పక్కలకూ, మొదట నెమ్మదిగా, తరువాత వేగంగా. చాచిన చేతి వేలిని ముఖం దగ్గరకు తెచ్చుకుంటూ దానిమీదే చూపు నిలపడం. తరువాత తల: వంచడం, ఎత్తడం, పక్కలకు తిప్పడం, కళ్ళు తెరిచి ఒకసారి, మూసి ఒకసారి. ఆ తరువాత కూర్చుని నేల మీది వస్తువులు వంగి తియ్యడం. పిమ్మట లేచి నిలబడడం, చిన్న బంతిని కళ్ళకంటె ఎత్తులో ఒక చేతి నుంచి మరో చేతికి వెయ్యడం. చివరకు నడక: గదిలో అటూ ఇటూ, వాలు మీద, మెట్ల మీద, కళ్ళు మూసుకుని. ఆఖరి మెట్టు ఆటలు. వంగడం, సాగడం, గురిపెట్టడం ఉన్న ఏ ఆటయినా సరే.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతులు రెండు. ఒకటి, రోగుల్ని ఒంటరిగా కాక రోజూ గుంపుగా చేయించేవారు. ఖర్చు తక్కువ, ఉత్సాహం ఎక్కువ, నటించేవాడెవడైనా ఉంటే పదిమందిలో తేలికగా తెలిసిపోతాడని కూడా వారి ఆలోచన. రెండు, ప్రశాంతమైన గదిలో నేర్చినదాన్ని రొదగా, రద్దీగా ఉన్న చోట కూడా చెయ్యగలిగేలా తర్ఫీదు ఇచ్చేవారు. మనిషి బతకవలసింది బజారులో, బస్టాండులోనే గాని నిశ్శబ్దపు గదిలో కాదు కదా! కాథార్న్‌కు 1964లో 'సర్' బిరుదు వచ్చింది. ఆ కాగితం మీద మాత్రం ఈనాటికీ ఇద్దరి పేర్లూ సమానంగానే ఉన్నాయి.

చూపును నిలిపేది చెవే

తల తిరుగుడుకు కళ్ళ వ్యాయామం ఎందుకు? ఈ సందేహం నాకూ వచ్చింది. చదువరులు ఇప్పుడే ఒక చిన్న పరీక్ష చెయ్యవచ్చు. ఈ పత్రికను కళ్ళ ముందు గబగబా పక్కలకు ఊపండి, అక్షరాలు అలికినట్టవుతాయి. ఇప్పుడు పత్రికను కదలకుండా పట్టుకుని తలను అంతే వేగంగా అటూ ఇటూ తిప్పండి. మెడనొప్పి ఉన్నవారు చెయ్యవద్దు. అక్షరాలు చక్కగా కనపడతాయి. తల ఎటు తిరిగితే కళ్ళు దానికి సరిగ్గా ఎదురు దిక్కుకు అంతే మేర జరుగుతాయి కాబట్టి చూపు నిలుస్తుంది. ఆ ఆజ్ఞ ఇచ్చేది లోపలి చెవి. సెకనులో నూరో వంతుకు అటూ ఇటూగా ఈ పని జరిగిపోతుంది.

ఆ చెవి రెండు వైపులా పోతే ఏమవుతుందో 1952లో ఒక అమెరికన్ డాక్టరు తన అనుభవమే రాశాడు. అది 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'లో జె.సి. అన్న పొడి అక్షరాలతో అచ్చయింది. క్షయకు స్ట్రెప్టోమైసిన్ ఇంజక్షన్లు తీసుకోగా ఆయన సమతూకపు ఇంద్రియం దెబ్బతింది. ఆ ఇంజక్షన్లు మన తరానికి బాగా తెలిసినవే. మన ఇళ్ళలో ఎందరినో బతికించిన మందు అది, కొందరి చెవిని తీసుకుపోయిన మందూ అదే. ఆ డాక్టరుకు పుస్తకం చదవాలంటే గుండె కొట్టుకున్నప్పుడల్లా అక్షరాలు ఎగిరేవి. మంచం తలవైపు ఇనుప కమ్మీల మధ్య తల ఇరికించుకుని చదివేవాడట. నడుస్తూ ఉంటే ఎదురుగా వచ్చేవారి ముఖాలు పోల్చుకోలేకపోయేవాడు. కాని కాలక్రమంలో కళ్ళు, కాళ్ళు ఇచ్చే కబుర్ల సాయంతో మళ్ళీ తన పనులు తాను చేసుకోవడం నేర్చుకున్నాడు. చెవి బాగుపడలేదు. మెదడు మరో దారి వెతుక్కుంది.

ఈ కిటుకే వ్యాయామాలన్నిటికీ మూలం. జోడెడ్ల బండిలో ఒక ఎద్దు కుంటితే బండి పక్కకు లాగుతుంది. తోలేవాడు పగ్గాలు సవరించుకుంటూ బండిని దారిలో పెడతాడు. మన తలలో తోలేవాడు చిన్నమెదడు. కాని బండి కదిలితేనే ఎటు లాగుతోందో అతనికి తెలుస్తుంది. కొట్టంలో నిలిపిన బండికి పగ్గాలు సవరించడం ఎవరి తరం? 1976లో ఫ్రాన్సులో లకూర్ బృందం ఒకవైపు సమతూకపు నరం కోసిన బబూన్ కోతుల్లో దీన్ని చూపింది. కొద్దిరోజులు కదలకుండా కట్టి ఉంచినవి, స్వేచ్ఛగా వదిలినవాటికంటె ఆలస్యంగా కోలుకున్నాయి. అదే ఏడాది కెనడాలో మెల్విల్ జోన్స్, గాన్‌షోర్ మరో ప్రయోగం ప్రకటించారు. కుడిని ఎడమగా చూపే పట్టకపు కళ్ళద్దాలు మనుషులకు రోజుల తరబడి, వారాల తరబడి తగిలించారు. చెవికీ కంటికీ ఉన్న ఆ పుట్టుకతో వచ్చిన ఒప్పందం కూడా తలకిందులుగా మారిపోయింది! మెదడు ఎంత వయసుకయినా పాఠం నేర్చుకోగలదన్న ధైర్యం ఇలాంటి ప్రయోగాల నుంచే వచ్చింది.

దారితప్పిన రాళ్ళు

అన్ని తల తిరుగుళ్ళూ ఒకటి కావు. పక్కమీద దొర్లినా, అటక మీదికి చూసినా అరనిమిషం లోపు గిర్రున తిరిగి ఆగిపోయే రకం వేరు. దీన్ని కచ్చితంగా గుర్తించే పరీక్షను 1952లో లండన్‌లో మార్గరెట్ డిక్స్, చార్లెస్ హాల్‌పైక్ వివరించారు. హాల్‌పైక్ పుట్టింది ఆనాటి మన దేశంలోనే, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న ముర్రీలో. మేనియర్ జబ్బు రోగుల చెవుల్లో ద్రవం పొంగి ఉండడాన్ని 1938లో కెయిర్న్స్‌తో కలిసి చూపినవాడూ ఆయనే.

లోపలి చెవిలో ఒక పొర మీద సన్నని సున్నపు స్ఫటికాలుంటాయి. తలకు దెబ్బ తగిలినా, వయసు వల్లనయినా అవి ఊడి కుల్యల్లోకి జారుతాయి. తల కదిలినప్పుడల్లా ఆ నలుసులు లేని కదలికను ఉన్నట్టు చూపుతాయి. అమెరికాలో పోర్ట్‌లాండ్ వైద్యుడు జాన్ ఎప్లీ, రోగి తలను వరసగా నాలుగైదు భంగిమల్లో తిప్పి ఆ నలుసుల్ని వచ్చిన దారినే వెనక్కి పంపవచ్చన్నాడు. మందు లేదు, కత్తి లేదు, కొన్ని నిమిషాల పని. గారడీ అనుకున్నారేమో, తోటి వైద్యులు చాలాకాలం నమ్మలేదు. 1992లో గాని ఆయన ఫలితాలు ప్రముఖ పత్రికలో రాలేదు. నేడు లోకమంతటా అదే మొదటి చికిత్స. ఈ రకానికి నెలల తరబడి మాత్రలు మింగడం అనవసరం. తలగాయం తరువాత ఇది ఉందేమో ముందుగా చూపించుకోవడం చాలా అవసరం.

రెండు కళ్ళ కాపురం

నా రెండో బాధ, అక్షరాలు రెండుగా కనపడడం. దగ్గరి వస్తువును చూసేటప్పుడు రెండు కళ్ళూ లోపలికి కలవాలి. తలకు దెబ్బ తగిలితే ఆ పొందిక సడలవచ్చు. కళ్ళకు కసరత్తు నేర్పే విద్య 19వ శతాబ్దంలో ఫ్రాన్సులో ఎమిల్ జవాల్‌తో ఊపందుకుంది. మెల్లకన్నుకు ఆయన స్టీరియోస్కోపు అనే పరికరంతో సాధన చేయించాడు. ఇంగ్లండులో మేరీ మాడక్స్ తన తండ్రి, నేత్రవైద్యుడు ఎర్నెస్ట్ మాడక్స్ దగ్గర నేర్చుకుని దాన్ని ఒక వృత్తిగా నిలబెట్టింది. కళ్ళు దగ్గరకు కలవని లోపమున్న 221 మంది పిల్లల మీద అమెరికాలో జరిగిన పరీక్ష ఫలితాలు 2008లో వచ్చాయి. నిపుణుల దగ్గర పన్నెండు వారాలు పద్ధతిగా సాధన చేసినవారిలో 73 శాతం మందికి గుణం కనపడింది. ఉత్తుత్తి సాధన చేసినవారిలో 35 శాతమే. వారు తలగాయం పిల్లలు కారు, మన వయసువారు అసలే కారు. కాబట్టి ఖరీదైన కళ్ళ చికిత్సలన్నీ అందరికీ పనిచేస్తాయని ఎవరైనా ప్రకటిస్తే నమ్మి డబ్బు పెట్టవద్దు. ముందు నేత్రవైద్యుడికి చూపించి, లోపమేమిటో తెలుసుకుని చెయ్యాలి.

తలగాయం విషయంలో సూటిగా చెప్పే పరీక్ష కెనడాలోని కాల్గరీలో జరిగింది. కేథరిన్ ష్నైడర్ బృందం 2014లో ప్రకటించింది. ఆటల్లో తలకు దెబ్బ తగిలి బాధలు తగ్గని 31 మంది యువకులు, యువతులు. మెడకూ సమతూకానికీ కలిపి చికిత్స చేసినవారిలో 73 శాతం మంది ఎనిమిది వారాల్లో ఆటకు తిరిగి వెళ్ళవచ్చని వైద్యుల అనుమతి పొందారు. విశ్రాంతి, మామూలు సలహాలతో సరిపెట్టినవారిలో 7 శాతమే. చిన్న పరీక్షే గాని, కాథార్న్ తన వార్డులో చూసినదానికి దగ్గరగానే ఉంది. 2022లో ఆమ్‌స్టర్‌డాంలో సమావేశమైన నిపుణులు కూడా తలదెబ్బకు పూర్తిగా పడకేయడం మేలు చెయ్యదని, ఒకటి రెండు రోజుల పాటు పని తగ్గించుకుని తరువాత మెల్లగా నడక మొదలుపెట్టమని చెప్పారు.

మరి మన వయసువారి మాట? ఇంగ్లండులో లూసీ యార్డ్‌లీ బృందం 2004లో 170 మంది దీర్ఘకాలపు తల తిరుగుడు రోగుల మీద ఒక పరీక్ష ఫలితం ప్రకటించింది. పెద్ద యంత్రాలు లేవు. ఊరి డాక్టరు దగ్గరి నర్సు ఒక్కసారి అరగంటో ముప్పావుగంటో కూర్చోబెట్టి నేర్పింది, ఒక చిన్న పుస్తకం ఇచ్చింది. మూడు నెలల్లో వారిలో 67 శాతం మందికి మేలు కనిపించింది. మామూలు వైద్యమే జరిగినవారిలో 38 శాతం. 2015లో 39 పరీక్షలను, 2,441 మంది రోగులను కలిపి పరిశీలించిన కాక్రేన్ సమీక్ష, ఒకవైపు చెవి సమతూకం పోయినవారికి ఈ వ్యాయామం క్షేమకరం, ఫలదాయకం అని తేల్చింది. అంటే పేద దేశానికి, పెన్షనరు సంపాదనకు కూడా అందుబాటులో ఉన్న వైద్యమిది.

కొన్ని జాగ్రత్తలు

చరిత్ర చెప్పి ఊరుకుంటే పొరపాటవుతుంది. తలకు దెబ్బ తగిలిన వెంటనే ఈ వ్యాయామాలు మొదలుపెట్టకూడదు. ముందు డాక్టరు చూడాలి. మన వయసులో తలలో నెత్తురు నెమ్మదిగా చేరి, కొన్ని వారాల తరువాత బయటపడవచ్చు. రక్తం పల్చబడే మాత్రలు వాడేవారికి ఈ ప్రమాదం ఎక్కువ. పెరుగుతున్న తలనొప్పి, మగత, మతిమరుపు, ఒక పక్క చెయ్యీ కాలూ నీరసించడం కనపడితే తక్షణం ఆస్పత్రికి వెళ్ళాలి. ఉన్నట్టుండి కళ్ళు తిరగడంతో పాటు మాట తడబడినా, నిలబడలేకపోయినా పక్షవాతమేమోనని అనుమానించి 108కి ఫోను చెయ్యాలి. కళ్ళు మూసుకుని చేసే వ్యాయామాలు గోడ పక్కనో, ఒక మనిషి తోడుండగానో చెయ్యాలి. తల తిరుగుడు మాత్రలు మొదటి కొద్దిరోజులకు మంచివే. నెలల తరబడి వాడితే మెదడు నేర్చుకోవడాన్ని ఆలస్యం చేస్తాయి, కొన్ని చేతుల వణుకు కూడా తెస్తాయి. అయితే డాక్టరును అడగకుండా ఏ మాత్రా మానవద్దు.

నేను ఆ కాగితం ప్రకారం రోజుకు మూడు పూటలా చేశాను. మొదటి రెండు వారాలు బాధ ఎక్కువయినట్టే అనిపించింది. మానేద్దామనుకుంటే మా ఆవిడ గడియారం పట్టుకుని ఎదురుగా కూర్చునేది. మా మనవడికి బంతి ఆట దొరికింది, నాకు వైద్యం దొరికింది. మూడో నెలకు ఒంటరిగా రైతుబజారుకు వెళ్ళి, వంగి వంకాయలు ఏరుకుని వచ్చాను. ఇప్పటికీ చీకట్లో, ఎగుడుదిగుడు దారిలో కాస్త తూలుతాను. మొత్తం పోయిందని అబద్ధం చెప్పను. కిందటి నవంబరులో మాత్రం బ్యాంకు మెట్లు నేనే ఎక్కి సంతకం పెట్టి వచ్చాను.

మన సభ్యుల్లో ఎందరో తల తిరుగుతుందన్న భయంతో గుమ్మం దాటడం మానేశారని నాకు తెలుసు. పెళ్ళిళ్ళకు రారు, మన నెలవారీ సమావేశానికి రారు. వయసు మీద నెపం వేసి మంచానికి అంటుకుపోకండి. ఒకసారి చూపించుకోండి, రాళ్ళో, చెవో, కన్నో తేల్చుకోండి, తరువాత కదలండి. స్కూటరు మీద వెళ్ళే పిల్లలకు కెయిర్న్స్ కథ చెప్పి, హెల్మెట్టు కొక్కేనికి కాక తలకు తగిలించమనండి. ఆ జిరాక్సు కాగితం కావలసినవారు వచ్చే సమావేశంలో నన్ను అడగవచ్చు. డాక్టరుకు చూపించుకున్నాకే మొదలుపెడతామని మాట ఇస్తే చాలు.